గాంధారం వినబడేదాకా: జానీ రమోన్ గిటార్ శబ్దం కోసం ఒక ప్రాజెక్టు డైరీ

జనవరి 5

చాలా ఏళ్లుగా వాయిదా పడుతూ వచ్చిన పని ఇవాళ మొదలైంది. అమెరికన్ పంక్ రాక్ బ్యాండ్ రమోన్స్ మొదటి ఆల్బమ్‌లో వాళ్ళ గిటారిస్టు జానీ రమోన్ గిటార్ ఎలా పలికిందో, అలా నా గిటార్ పలకాలి. మన దగ్గర దొరికే సామానుతోనే, వీలైనంతవరకు నా చేతులతోనే చెయ్యాలి.

ఆ శబ్దం మొదటిసారి విన్నది 2004లో, ఇంజినీరింగ్ హాస్టల్లో. సెప్టెంబరు 15న జానీ చనిపోయారు. ఆ వారం పక్కగది అమ్మాయి కంప్యూటర్లో ఆల్బమ్ మొత్తం పెట్టింది. 14 పాటలు, 29 నిమిషాలు. అయిపోగానే మళ్ళీ పెట్టించుకున్నాను. చిన్నప్పుడు ఎనిమిదేళ్లు వీణ నేర్చుకున్నదాన్ని. తీగవాద్యం నుంచి అలాంటి శబ్దం పుడుతుందని నాకు అప్పటిదాకా తెలియదు. సోలోలు లేవు, అలంకారాలు లేవు. ఒక గోడ నడుచుకుంటూ వచ్చినట్టు ఉంటుంది.

ఆ ఆల్బమ్‌ను 1976 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో, రేడియో సిటీ మ్యూజిక్ హాల్ భవనంలోనే ఉన్న ప్లాజా సౌండ్ స్టూడియోలో రికార్డు చేశారు. వారం రోజుల పని, ఖర్చు 6,400 డాలర్లు. నా ప్రాజెక్టుకి బాగా పనికొచ్చే విషయం ఒకటుంది. అరవైల నాటి స్టీరియో రికార్డుల పద్ధతిలో బాస్‌ని ఎడమకి, గిటార్‌ని కుడికి పూర్తిగా నెట్టేశారు. గొంతు, డ్రమ్స్ మధ్యలో ఉంటాయి. హెడ్‌ఫోన్‌లో ఎడమ చెవి తీసేస్తే బాస్ పోతుంది, గొంతు, డ్రమ్స్ పక్కన గిటార్ విడిగా దొరుకుతుంది. ఇవాళ మూడు గంటలు కుడి చెవితోనే విన్నాను.

తర్వాత నా గిటార్ తీశాను. హాస్టల్ రోజుల్లో కొన్న స్ట్రాటోకాస్టర్ నమూనా, మూడు సింగిల్ కాయిల్ పికప్‌లు (తీగ కంపనాన్ని కరెంటుగా మార్చే, ఒంటి తీగచుట్ట ఉన్నవి). శబ్దాన్ని కరుకుగా మార్చే డిస్టార్షన్ పెడల్ తగిలించి, ఆ కరుకు ఎంత ఉండాలో చెప్పే గెయిన్ మీటని చివరిదాకా తిప్పాను. బురదలో బండి కూరుకుపోయినట్టుంది. రికార్డులో ఉన్న శబ్దానికి, దీనికి చుట్టరికం కూడా లేదు.

జనవరి 8

ఎక్కడ తప్పుతున్నానో దొరికింది. ఈ డైరీలో మిగతాదంతా దీని మీదే ఆధారపడుతుంది కాబట్టి వివరంగా రాసుకుంటున్నాను.

పంక్ అంటే పవర్ కార్డ్ అని నేను అలవాటుగా అనుకుంటూ వచ్చాను. అంటే షడ్జమం, పంచమం మాత్రమే. కుడి చెవితో విన్నకొద్దీ అర్థమైంది, జానీ వాయించేది అది కాదు. చూపుడువేలు మెట్టు పొడవునా అడ్డంగా వేసి, పూర్తి బారే కార్డ్ పట్టి, అన్ని తీగల మీదా కొడతారు. అందులో మేజర్ థర్డ్ ఉంది. మన భాషలో అంతర గాంధారం. ఆ పాటలు అంత వేగంలోనూ అంత తియ్యగా ఉండటానికి కారణం ఈ గాంధారమే. గిటార్ గోడ కట్టినా ఆ గోడకి ఒక రంగుంది.

గాంధారం ఉన్న కార్డ్‌ని గట్టి డిస్టార్షన్‌లోకి పంపితే బురద అవుతుంది. ఎందుకో లెక్క వేశాను. అయిదో మెట్టు దగ్గర ఏ (A) మేజర్ కార్డ్ పడితే తీగలు లావు నుంచి సన్నం దాకా 110, 164.8, 220, 277.2, 329.6, 440 హెర్ట్జ్‌లో మోగుతాయి. డిస్టార్షన్ ఈ శ్రుతుల మధ్య తేడాలను కొత్త శ్రుతులుగా పుట్టిస్తుంది. 220లోంచి 164.8 పోతే 55.2. ఇది ఏ (A) స్వరానికే కింది స్థాయి, కాబట్టి ఇబ్బంది లేదు. 277.2లోంచి 220 పోతే 57.2. ఈ రెండూ పక్కపక్కనే ఉండి, సెకనుకి రెండుసార్లు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. అడుగున ఆ గుబగుబ అంతా దీనివల్లే. వీణ మీద మాస్టారు చూపించిన గాంధారం అయితే 275 దగ్గర నిలిచేది, తేడా సరిగ్గా 55 వచ్చేది. గిటార్ మెట్లు పన్నెండు సమాన భాగాల లెక్కతో వేసినవి కాబట్టి గాంధారం కాస్త ఎక్కువ పలుకుతుంది. పవర్ కార్డ్ వాయించేవాళ్ళకి ఈ బాధ లేదు, అందుకే వాళ్ళు గెయిన్ ఎంతైనా పెంచుకోగలరు.

పెడల్ గెయిన్ మూడుకి దించాను. గాంధారం తేలింది, ఊపు పోయింది. మళ్ళీ పెంచితే ఊపు వస్తోంది, గాంధారం మునుగుతోంది. రికార్డులో రెండూ ఉన్నాయి.

జనవరి 11

ఒక ఉపాయం తోచింది. ఏ (A) మేజర్ ఆకారంలో గాంధారం మోగేది మూడో తీగ మీద, అంటే జీ తీగ మీద. ఆ ఒక్క తీగనీ రవ్వంత దించితే? ట్యూనర్‌లో 10 సెంట్లు, అంటే పక్కపక్క మెట్ల మధ్య తేడాలో పదో వంతు దించాను. ఏ (A) కార్డ్ అద్భుతంగా ఉంది. ఇంత గెయిన్‌లో ఇంత శుభ్రంగా కార్డ్ మోగడం నా గిటార్ మీద ఇదే మొదటిసారి.

వెంటనే డీ కార్డ్‌కి మారాను. ఆ ఆకారంలో జీ తీగ మీద ఉండేది షడ్జమం, గాంధారం బీ తీగకి వెళ్ళిపోతుంది. షడ్జమమే శ్రుతి తప్పింది, ఒక్క దెబ్బ కూడా వినలేకపోయాను. ఉపాయం అక్కడితో ముగిసింది. తీగల్ని మామూలు శ్రుతికే తెచ్చేశాను.

జనవరి 15, తెనాలి

పండక్కి వచ్చాను. రేడియో రిపేరు కొట్టు బాబాయి గారి దగ్గరికి వెళ్ళాను. అమ్మ ట్రాన్సిస్టర్ ఇప్పటికీ ఆయనే బాగుచేస్తారు. కొట్టు వెనక అరల్లో పాత వాల్వ్ (గాజు గొట్టాల) రేడియోల చాసిస్‌లు, అంటే లోపలి ఇనుప చట్రాలు ఉన్నాయని చిన్నప్పటి నుంచీ తెలుసు.

"బాబాయ్ గారూ, ఈఎల్84 వాల్వు ఉన్న సెట్టు ఒకటి కావాలి, పనిచెయ్యకపోయినా ఫరవాలేదు" అన్నాను.

"ఏసీ సెట్టా, ఏసీ-డీసీ సెట్టా అని అడక్కుండా వాల్వ్ రేడియో ఎవరి దగ్గరా తీసుకోకమ్మా. ఏసీ-డీసీ దానికి ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, చాసిస్సే లైను. దాని మీద చెయ్యి వేశావంటే అంతే సంగతులు" అన్నారు.

ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఏసీ సెట్టు ఒకటి దించి ఇచ్చారు. ఏసీని డీసీగా మార్చే ఈజెడ్80 రెక్టిఫయర్, స్పీకర్‌ని నడిపే ఈఎల్84 ఔట్‌పుట్. వాల్వులు రెండూ బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ చేసినవి. డ్రాయరు వెతికి ఇంకో రెండు ఈసీసీ83లు (చిన్న శబ్దాన్ని మొదట పెంచే వాల్వులు) కూడా తీశారు. డబ్బులు తీసుకోనన్నారు. "మోగాక తెచ్చి వినిపించు" అన్నారు.

జనవరి 19

ఈ చాసిస్‌తో ఏం చెయ్యబోతున్నానో రాసుకోవాలి.

జానీ వెనక నిలబడే యాంప్ (యాంప్లిఫయర్) మార్షల్ సూపర్ లీడ్. 100 వాట్లు, నాలుగు ఈఎల్34 వాల్వులు, కింద నాలుగు 12 అంగుళాల స్పీకర్ల పెట్టె. దానికి మాస్టర్ వాల్యూమ్, అంటే కరుకు పోకుండా చివర్లో శబ్దం తగ్గించే మీట, లేదు. అది నిండుగా, కరుకుగా పలకాలంటే వాల్యూమ్ పైకి తీసుకెళ్ళాల్సిందే. కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో అది కుదరదు. నా ఒక్క ఈఎల్84 ఇచ్చేది 5 వాట్లకి కాస్త ఎక్కువ. 100కి 5 ఇరవయ్యో వంతే కానీ, డెసిబెల్ లెక్కలో తేడా 13 మాత్రమే. చెవికి సూపర్ లీడ్ దీనికంటే రెండున్నర రెట్లు గట్టిగా వినబడుతుంది, అంతే. అంటే 5 వాట్లు కూడా తక్కువేం కాదు.

మార్షల్ ముందుభాగం సర్క్యూట్‌ని ఈసీసీ83లతో యథాతథంగా కట్టి, వెనక నాలుగు ఈఎల్34ల బదులు రేడియో ఈఎల్84 పెట్టాలి. ఇదీ పథకం. ఒక నష్టం ముందే తెలుసు. మార్షల్‌లో ఔట్‌పుట్ వాల్వులు ఎదురెదురుగా జంటలుగా పనిచేస్తాయి, నాది ఒంటి వాల్వు. అది తెగే తీరు (శబ్దం మోయలేనంత పెరిగి తరంగం కొసలు కోసుకుపోవడాన్ని తెగడం అంటున్నాను) ఒకవైపుకి వాలుతుంది, అందువల్ల శబ్దం కొంచెం గుండ్రంగా ఉంటుంది. దాన్ని ఒప్పుకునే ముందుకు వెళ్తున్నాను.

జనవరి 25

ముందు పికప్. కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్ళాను. మోటార్ రీవైండింగ్ వాళ్ళ దగ్గర ఇంత సన్న తీగ ఉండదు. ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టే కొట్లో 0.06 మిల్లీమీటర్ల ఎనామెల్ తీగ దొరికింది. తూకానికి అమ్ముతారు, 100 గ్రాములు కొన్నాను. వెంట్రుక అంత ఉంది. వెలుగులో పెట్టి చూస్తే తప్ప కనబడదు.

పికప్ ఎందుకంటే, జానీ గిటార్ మామూలు గిటార్ కాదు. 1974 జనవరిలో ఆయన న్యూయార్క్ 48వ వీధిలోని మ్యానీస్ కొట్లో నీలం రంగు మోస్‌రైట్ వెంచర్స్-2 కొన్నారు. 50 డాలర్ల పైన కొద్దిగా ఇచ్చారు. కాలిఫోర్నియాలోని బేకర్స్‌ఫీల్డ్‌లో సెమీ మోస్లీ అనే ఆయన తయారుచేసిన గిటార్లు అవి. మెడ సన్నం, పికప్‌లు సింగిల్ కాయిల్‌వే కానీ బాగా బలమైనవి. ఆ నీలం గిటార్ 1977లో బ్యాండ్ సామానుతోపాటు దొంగల పాలైంది. తర్వాత జానీ చేతిలో ఏళ్ల తరబడి ఉన్నది 1965 నాటి తెల్ల మోస్‌రైట్. దానికి బ్రిడ్జి (తీగల చివర ఆనే చోటు) దగ్గర డిమార్జియో ఎఫ్ఎస్-1 వేయించుకున్నారు. అది స్ట్రాటోకాస్టర్‌కి పట్టే పికప్, అదీ మామూలుకంటే ఎక్కువ చుట్లతో. అంటే రెండు గిటార్లలోనూ ఆయనకి కావలసింది ఒకటే: సింగిల్ కాయిల్ పదును, దానికి మించిన బలం. 2021లో ఆ తెల్ల గిటార్ వేలంలో 9 లక్షల డాలర్లకు పైగా పలికింది. 50 డాలర్ల గిటార్‌తో మొదలైన ఆయన శబ్దం ఎవరికైనా అందుబాటులో ఉండాలని నా పట్టుదల.

ఫిబ్రవరి 1

నా గిటార్ బ్రిడ్జి పికప్ విప్పి పాత తీగంతా తీసేశాను. ప్లాస్టిక్ బాబిన్ (తీగ చుట్టే ఉండ), ఇనుప కడ్డీలు, అడుగున సెరామిక్ అయస్కాంతం బాగానే ఉన్నాయి. అమ్మ పాత కుట్టు మిషన్ చక్రానికి బాబిన్‌ని బిగించి తొక్కడం మొదలుపెట్టాను.

చుట్లు లెక్కపెట్టడానికి పాత క్యాలిక్యులేటర్ వాడాను. సమానం గుర్తు మీటకి రెండు తీగలు టంకం పెట్టి, వాటిని రీడ్ స్విచ్‌కి (అయస్కాంతం దగ్గరికొస్తే కలిసే స్విచ్) కలిపాను. చక్రానికి చిన్న అయస్కాంతం అతికించాను. ఒకటి ప్లస్ ఒకటి కొట్టి వదిలితే, చక్రం తిరిగిన ప్రతిసారీ అంకె ఒకటి పెరుగుతుంది. సెకనుకి ఎనిమిది చుట్లు దాటితే క్యాలిక్యులేటర్ అందుకోలేకపోతోంది. అందుకని నెమ్మదిగా తొక్కాలి.

4,200 దగ్గర తీగ తెగింది. వేళ్ళ మధ్య కాస్త బిగబట్టాను, అంతే. మొత్తం విప్పేసి మళ్ళీ మొదలు.

ఫిబ్రవరి 2

9,000 చుట్లు. మీటర్ 7.6 కిలో ఓమ్‌లు చూపించింది. పాతది 5.4. తీగ పొడవు లెక్క కడితే కిలోమీటరుంపావు దాకా వస్తోంది.

పికప్‌ని మైనంలో ముంచాలి. లేకపోతే గట్టి శబ్దానికి చుట్లు వాటంతటవే కంపించి కీచుమంటాయి. నాలుగు పాళ్ళు కొవ్వొత్తి మైనం, ఒక పాలు తేనెమైనం. నీళ్ళగిన్నెలో ఇంకో గిన్నె పెట్టి, 65 డిగ్రీలు దాటకుండా చూసుకుంటూ కరిగించాను. వేడి పెరిగితే బాబిన్ వంగిపోతుంది. ముంచగానే సన్న బుడగలు వచ్చాయి. అవి ఆగేదాకా ఇరవై నిమిషాలు ఉంచాను. నా బొబ్బిలి వీణకి మేళం కట్టినరోజు ఇల్లంతా ఇదే వాసన. అప్పుడు మెట్లు కూర్చోబెట్టడానికి మైనం, ఇప్పుడు తీగ కదలకుండా మైనం.

బిగించి వాయించాను. అదే పెడల్, గెయిన్ అదే మూడు. పోయిన ఊపులో సగం తిరిగొచ్చింది.

ఫిబ్రవరి 9

యాంప్ పని. రేడియో చాసిస్‌లో ట్యూనింగ్ భాగమంతా తీసేశాను. పాత కండెన్సర్లు ఒక్కటి కూడా ఉంచలేదు, అరవై ఏళ్ల ఎలక్ట్రోలైటిక్‌ని నమ్మకూడదు.

దీన్ని చదివి ఎవరైనా ఇలాంటి పని మొదలుపెడితే, ఇందులో 250 వోల్టుల పైన డీసీ ఉంటుందని గుర్తుంచుకోవాలి. ప్లగ్ తీసేశాక కూడా ఫిల్టర్ కండెన్సర్లలో అది నిలిచే ఉంటుంది. అది దిగిపోవడానికి వాటి మీదుగా 220 కిలో ఓమ్‌ల రెసిస్టెన్స్ శాశ్వతంగా టంకం పెట్టాను. అయినా ప్రతిసారీ మీటర్ పెట్టి సున్నా చూశాకే చెయ్యి లోపల పెడుతున్నాను. కరెంటు ఉండగా కొలవాల్సి వస్తే ఒక్క చేత్తోనే, రెండో చెయ్యి వీపు వెనక.

రేడియో ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ చిన్నది, పైగా తక్కువ ఓమ్‌ల స్పీకర్ కోసం చుట్టింది. నాది 8 ఓమ్‌ల స్పీకర్. కోఠీలో కొత్తది చుట్టించాను: వాల్వు వైపు 5,200 ఓమ్‌లు, స్పీకర్ వైపు 8, చుట్ల నిష్పత్తి 25.5కి 1. ఒంటి వాల్వు యాంప్ కాబట్టి దాని గుండా డీసీ పోతూనే ఉంటుంది. రేకులన్నీ ఒకే వైపు పేర్చి, మధ్యలో కాగితం గ్యాప్ ఇవ్వమని రెండుసార్లు చెప్పాను. చుట్టే ఆయన నవ్వి, "రేడియోలకి మేం చుట్టినవన్నీ అలాంటివేనమ్మా" అన్నారు.

ఫిబ్రవరి 16

మోగింది. దాంతోపాటు పెద్ద హమ్, ఆగని గుయ్ మనే మోత.

హమ్ రెండు రకాలు. ఫిల్టర్ సరిపోకపోతే 100 హెర్ట్జ్, వాల్వుల్ని వేడిచేసే ఫిలమెంట్ తీగల నుంచి వస్తే 50. ఎక్కడ నుంచో తెలియాలంటే గిటారే చాలు. లావు తీగ మూడో మెట్టు దగ్గర జీ స్వరం 98 హెర్ట్జ్. దాన్ని మీటి పోల్చాను. హమ్ దానికంటే ఒక స్థాయి కింద ఉంది. అంటే 50, అంటే ఫిలమెంట్. ఆ రెండు తీగల్ని విప్పి, జడలా గట్టిగా మెలిపెట్టి చాసిస్ మూలకి ఆనించాను. రెండు 100 ఓమ్‌ల రెసిస్టెన్స్‌లతో మధ్యబిందువు చేసి గ్రౌండ్‌కి కలిపాను. చెవి స్పీకర్‌కి ఆనిస్తేగానీ వినబడనంతగా తగ్గింది.

ఫిబ్రవరి 22

ఇవాళ్టి రోజు కోసమే ఇన్నాళ్ళ పని అనిపించింది.

మొదటి వాల్వు క్యాథోడ్ (ఎలక్ట్రాన్లు బయల్దేరే కొస) దగ్గర నేను అలవాటుకొద్దీ 25 మైక్రోఫారడ్‌ల కండెన్సర్ పెట్టాను. ఏ పుస్తకంలోనైనా అదే ఉంటుంది. శబ్దం నిండుగా ఉంది కానీ పెడల్‌తో వచ్చిన బురదే ఇక్కడా వచ్చింది. మార్షల్ లీడ్ ఛానెల్లో అక్కడ ఉండేది 2.7 కిలో ఓమ్‌ల మీద 0.68 మైక్రోఫారడ్. ఇంత చిన్నది ఎందుకో ఎప్పుడూ ఆలోచించలేదు. లెక్క వేస్తే 230 హెర్ట్జ్ చుట్టుపక్కల నుంచి కిందికి గెయిన్ తగ్గుతూ పోతుంది. దాని తర్వాత కలిపే కండెన్సర్ కూడా 2.2 నానోఫారడ్‌లే. అదీ అడుగు శ్రుతుల్ని కొంత ఆపుతుంది.

25 తీసి 0.68 పెట్టాను. ఏ (A) కార్డ్ కొట్టాను.

గాంధారం వినబడింది. వాల్యూమ్ తొమ్మిదిలో ఉంది, వాల్వులు తెగుతున్నాయి, ఊపు ఉంది, అయినా గాంధారం ఉంది.

జరిగింది ఇది. 110, 164.8 లాంటి కింది తీగలు బలంగా వెళ్తే డిస్టార్షన్‌ని అవే నడిపిస్తాయి, పై తీగల్ని వాటితోపాటు ఈడ్చుకుపోతాయి. తెగేచోటికి చేరకముందే వాటిని తగ్గిస్తే, 277 దగ్గరున్న గాంధారం తన చోట తను నిలబడగలుగుతుంది. పోయిన బరువుని స్పీకర్ పెట్టె తర్వాత తిరిగి ఇస్తుంది. బ్రిడ్జి పికప్ చేసే పని కూడా ఇదే. బ్రిడ్జి దగ్గర తీగ ఊగేది తక్కువ కాబట్టి అడుగు శ్రుతి అక్కడే సన్నబడి వస్తుంది. గిటార్ నుంచి మొదటి వాల్వు దాకా ప్రతి దశలో అడుగు శ్రుతుల్ని కొంచెం కొంచెం కోస్తూ, తెగిన తర్వాత నింపుతున్నారు. పెడల్ గెయిన్‌ని అటూ ఇటూ తిప్పుతూ నేను కూర్చున్న రాత్రులన్నీ తప్పు చోట వెతికినవి.

నిర్ధారణ కోసం 25ని స్విచ్ మీద పెట్టి, అటూ ఇటూ ఇరవైసార్లు మార్చి విన్నాను. తమ్ముడిని వెనక్కి తిరిగి కూర్చోమని వినిపించాను. స్విచ్ ఎటుందో ప్రతిసారీ సరిగ్గా చెప్పాడు.

ఫిబ్రవరి 23

రాత్రి వాల్యూమ్ రెండులో వాయిస్తే సూదిలా గుచ్చుతోంది. వాల్యూమ్ మీద ఉన్న 4.7 నానోఫారడ్ బ్రైట్ కండెన్సర్ పని అది. వాల్యూమ్ ఎంత తగ్గిస్తే అంతగా పై శ్రుతులు పక్కదారిన దాటిపోతాయి. వాల్యూమ్ నిండుగా ఉంటే దానికి పనే ఉండదు. ఇది గట్టిగా వాయించడానికి పుట్టిన సర్క్యూట్. అలాగే ఉంచేస్తున్నాను, ఇంట్లో మాత్రం ట్రెబుల్ సున్నా.

మార్చి 1

స్పీకర్. ముందు మైక్‌సెట్ వాళ్ళు వాడే 12 అంగుళాలది పెట్టాను. మాటలు స్పష్టంగా వినిపించడానికి చేసిన స్పీకర్ అది. పైన ఆరు, ఏడు కిలోహెర్ట్జ్ దాకా పలుకుతుంది. వాల్వు తెగినప్పుడు పుట్టే చిటపటంతా బయటికొస్తోంది, నూనెలో ఆవాలు వేసినట్టు. గిటార్ స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ దాటాక మూగబోతుంది, ఇక్కడ ఆ మూగతనమే కావాలి. సెకండ్ హ్యాండ్‌లో సెలెస్టియన్ జీ12ఎం ఒకటి సంపాదించాను, 25 వాట్లది, గ్రీన్‌బ్యాక్ అంటారు. పెట్టె వెనక పూర్తిగా మూసి ప్లైవుడ్‌తో నేనే చేశాను. చిటపట ఆగింది.

మార్చి 4

ఇంక మిగిలింది కుడిచెయ్యి. దీన్ని చివరికి వదిలిపెట్టడం తప్పు. జనవరి నుంచే సాధన చేసి ఉండాల్సింది.

ఆల్బమ్ మొదటి పాట నా మెట్రోనోమ్ మీద నిమిషానికి 177 తాళాల దగ్గర కూర్చుంటోంది. తాళానికి రెండు దెబ్బల చొప్పున, నిమిషానికి 354. అన్నీ కిందికే. పైకీ కిందికీ కొడితే సగం శ్రమే, కానీ శబ్దం మారిపోతుంది. కిందికి కొట్టిన ప్రతి దెబ్బలోనూ లావు తీగ ముందు, సన్న తీగ చివర. పైకి కొడితే వరస తలకిందులవుతుంది, లావు తీగలు బలహీనపడతాయి. కిందికే కొట్టినప్పుడు ప్రతి దెబ్బా ఒకే ఆకారంలో పడుతుంది. ఆ గోడలో ఇటుకలన్నీ ఒక్క సైజువే.

ఇవాళ 140లో ఒక నిమిషం. తర్వాత ముంజెయ్యి రాయిలా బిగిసిపోయింది.

మార్చి 12

155, రెండు నిమిషాలు. పిక్ బిగించి పట్టుకోవడం మానాను. దెబ్బ వెడల్పు సగం చేశాను, ఆరో తీగకి అటు ఒక వేలెడు, ఒకటో తీగకి ఇటు ఒక వేలెడు మాత్రమే.

మార్చి 15

నిలబడి వాయించి చూశాను. పట్టీ పొడవు పెంచి గిటార్‌ని తొడల దాకా దించాను, జానీ ఫోటోల్లో ఉన్నట్టు, కాళ్ళు ఎడంగా పెట్టి. అది స్టేజీ కోసం నిలబడే తీరని అనుకునేదాన్ని. మోచెయ్యి చాపుకుంటే భుజం బరువు దిగిపోతుంది, మణికట్టు వదులవుతుంది. కూర్చున్నప్పుడు 160 దాటనిది, నిలబడితే మొదటిరోజే 168. ఎడమచేతికి మాత్రం కష్టం పెరిగింది. అంత కిందికి దిగిన మెడ మీద బారే పట్టాలంటే మణికట్టు బాగా వంచాలి. మోస్‌రైట్ స్కేలు 24.5 అంగుళాలు, నాది 25.5. అదే తీగలు నా గిటార్ మీద ఎనిమిది శాతం దాకా ఎక్కువ బిగువుగా ఉంటాయి. ఆ సన్నటి మెడ ఆయన ఎందుకు వదల్లేదో నా చూపుడువేలికి ఇప్పుడు తెలుసు.

మార్చి 27

177. రెండు నిమిషాల పది సెకన్లు, ఆగకుండా. ఏ, డీ, ఈ (A, D, E) కార్డ్‌లు. చెయ్యి వణుకుతోంది, ఇంతకంటే రాయలేను.

ఏప్రిల్ 6

రికార్డింగ్. అమ్మ వైపు మామయ్యకి మేడ్చల్ దగ్గర టెంట్ హౌస్ ఉంది. ముహూర్తాలు లేని రోజు చూసి గోడౌన్ తాళాలు ఇచ్చాడు. నాలుగు గోడల వెంట పరుపుల దొంతర్లు, షామియానా గుడ్డల కట్టలు, చుట్టిపెట్టిన తివాచీలు. చప్పట్లు కొడితే ప్రతిధ్వని రాలేదు. డబ్బు పెట్టి కట్టించినా నాకు ఇంతకంటే మంచి గది దొరకదు.

యాంప్ వాల్యూమ్ పది. మీటరు దూరంలో 100 డెసిబెల్స్ దాటింది, చెవుల్లో దూది పెట్టుకున్నాం. షూర్ ఎస్ఎం57 మైక్‌ని స్పీకర్ గుడ్డకి బెత్తెడు దూరంలో, మధ్య టోపీ అంచు మీదకి గురిపెట్టాను. సరిగ్గా మధ్యలోకి పెడితే కరుకు ఎక్కువైంది, పక్కకి జరిపితే మందమైంది. అంచు దగ్గరే నిలిచింది.

మొదటి రెండు టేకులు పనికిరాలేదు, డీకి మారేటప్పుడు ఆలస్యమవుతున్నాను. మూడోది బాగుంది. నాలుగోది మూడోదానికంటే శుభ్రంగా ఉంది కానీ దాంట్లో బలం లేదు. మూడోదే ఉంచుతున్నాను.

గోడౌన్‌లోనే హెడ్‌ఫోన్ పెట్టుకుని పోల్చాను. ఎడమ చెవి తీసేసి, రికార్డు ఒకసారి, నాది ఒకసారి. తేడా ఉంది. నాది మధ్యలో కొంచెం మెత్తగా ఉంది, ఒంటి వాల్వు పని అది, ముందే తెలిసిందే. దెబ్బ పడినప్పుడు అడుగున వచ్చే గుద్దు కూడా తక్కువ. నాలుగు స్పీకర్లు గాలిని తోసినట్టు ఒకటి తొయ్యలేదు. కానీ కార్డ్ పడగానే అందులో గాంధారం, దాని చుట్టూ ఆ కరుకు, దాని కింద ఆగని ఆ నడక ఉన్నాయి. ఇరవై ఏళ్ల క్రితం హాస్టల్ గదిలో విన్నది ఇదే, ఇప్పుడు నా చేతుల్లోంచి వచ్చింది.

మామయ్య గుమ్మంలో నిలబడి మొత్తం విన్నాడు. "ఇంకోసారి వాయించు" అన్నాడు. వాయించాను.

ఏప్రిల్ 9

మూడో టేక్‌ని మిక్స్‌లో పూర్తిగా కుడికి నెట్టి పెట్టాను. ఫోన్‌లో వేసి బాబాయి గారికి పంపాను, వచ్చేనెల యాంప్‌ని తెనాలి తీసుకెళ్ళి మోగించి వినిపించాలి. తమ్ముడు ఎవరి దగ్గరో బాస్ గిటార్ అరువు తెచ్చుకున్నాడు. ఎడమవైపు వాడి కోసం ఖాళీగా ఉంచాను.